రేస్, చోటు, గుర్తింపు: పాలమూరు, నల్లగొండల్లో పరిశోధనకు దిగేవారికి ఒక సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీరు అచ్చంపేట దగ్గరి పల్లెలో పుట్టి పెరిగారు. మీ నాన్నగారు చాలా ఏళ్లు గుంపు మేస్త్రీ (కూలీలను పోగుచేసి పనికి తీసుకుపోయే మనిషి) కింద మట్టి పనికి ఊళ్లు తిరిగారు. ఇప్పుడు మీరు హైదరాబాదులో సామాజిక శాస్త్రంలో పీహెచ్‌డీకి చేరి, పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వలస కూలీల గుర్తింపు ఎలా ఏర్పడిందన్న అంశాన్ని ఎంచుకున్నారు. మీ గైడు గారు అమెరికా, దక్షిణాఫ్రికాల్లో రేస్ (రంగు, పుట్టుకలను బట్టి మనుషులను జాతులుగా విడదీయడం) మీద జరిగిన పరిశోధనను చట్రంగా తీసుకోమన్నారు. సెమినార్‌లో మరో ఆచార్యులు కులాన్ని రేస్‌తో కలపడమే పొరపాటని అభ్యంతరం చెప్పారు. ఈ ఇద్దరి మాటల మధ్య ఏ దారి పట్టాలి, పని ఎక్కడ మొదలుపెట్టాలి, సొంత ఊరివాళ్లను కులం గురించి ఎలా అడగాలి అన్నవి మీ మూడు సందేహాలు.

రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలుతుంది. ‘పాలమూరు వలస కూలీల గుర్తింపు’ అని శీర్షిక పెట్టినప్పుడే, అటువంటి గుర్తింపు ఒకటి వాళ్ల దగ్గర సిద్ధంగా ఉందనీ, వెళ్లి అడిగి రాసుకొస్తే సరిపోతుందనీ మీరు ఒప్పేసుకున్నారు. నేను చదివిన సిద్ధాంత గ్రంథాల్లో చాలావాటికి ఈ శీర్షిక దగ్గరే బలం తగ్గింది. మనిషి తానెవరో చెప్పుకోవలసిన అవసరం రోజంతా ఉండదు. అది కొన్ని చోట్ల, కొందరి ముందు మాత్రమే పడుతుంది. తహసీల్ ఆఫీసులో సర్టిఫికెట్ కోసం నిలబడినప్పుడు, పొద్దున్నే అడ్డా మీద కూలి మాట్లాడుకునేటప్పుడు, సంబంధం కలుపుకునేటప్పుడు, జాతరలో వరుస పాటించేటప్పుడు, అడవి చెక్‌పోస్టు దగ్గర ఆపినప్పుడు పడుతుంది. మీరు పరిశోధించవలసినవి ఆ చోట్లే. ఎవరి ముందు, ఏ కాగితంతో లేక ఏ ఆనవాయితీతో, దేని కోసం ఒక మనిషి ఫలానావాడిగా నిలబడవలసి వచ్చింది, అలా నిలబడినందువల్ల ఎవరికి ఏమి దక్కింది, ఎవరికి ఏమి పోయింది అన్నదాన్ని మీ మూల ప్రశ్నగా చేసుకోండి. మిగిలినదంతా దీని వెంట వస్తుంది.

ఒక ఉదాహరణ కొంచెం విస్తరించి చెబుతాను. మక్తల్ దాటి కృష్ణా మండలం దాకా వెళితే నది అవతలి ఒడ్డు రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1 వరకు రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. ఈ రోజు ఇవతలి తండాలోని లంబాడీ కుటుంబం ఎస్టీ. కర్ణాటకలో ఉన్న దాని చుట్టాలు ఎస్సీ. ఇంకా పైకి మహారాష్ట్రకు పోయి స్థిరపడినవారు అక్కడి విముక్త జాతుల జాబితాలో ఉంటారు. మాట్లాడే గోర్ బోలీ ఒకటే, మొక్కే సేవాలాల్ ఒక్కడే, పెళ్లిళ్లలో గోత్రాల పట్టింపు ఒకటే. ఒకే రాష్ట్రంలో సైతం ఇలాగే నడిచింది: 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కోస్తా, రాయలసీమల్లోని సుగాలీలు ఎస్టీలు కాగా, తెలంగాణ లంబాడీలకు ఆ హోదా 1976 సవరణ చట్టం ప్రాంతాల మధ్య తేడా ఎత్తివేసిన తర్వాతనే వచ్చింది. అంటే నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టుతున్న కాలంలో కుడి ఒడ్డు తండాకూ ఎడమ ఒడ్డు తండాకూ ప్రభుత్వం దృష్టిలో వేరువేరు స్థానం. ఇంకా వెనక్కి పోతే, 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిషు పాలనలో పలుచోట్ల లంబాడీలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేశారు. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

దీనికి ఎదురుగా బోయలను పెట్టి చూడండి. కర్ణాటకలో బేడ, నాయక, వాల్మీకి పేర్లతో ఉన్నవారు ఎస్టీలు. గద్వాల, అలంపూర్ ప్రాంతాల్లో వాల్మీకి బోయలు బీసీలు, ఎస్టీ హోదా కోసం దశాబ్దాలుగా అడుగుతున్నారు, 2023లో తెలంగాణ శాసనసభ ఆ మేరకు తీర్మానం కూడా చేసింది. నది దాటితే లంబాడీ ఒక జాబితా నుంచి మరొక జాబితాలోకి మారతాడు, బోయ మరో దిక్కుకు మారతాడు. ఇక్కడ మీకు ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. సరిహద్దు గ్రామాల్లో పిల్లను ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఏ రాష్ట్రపు సర్టిఫికెట్ అన్నది లెక్కలోకి వస్తుందా? కోడలిగా వచ్చిన ఆడపిల్ల సర్టిఫికెట్‌కు పుట్టింటి జిల్లా ఆఫీసు చుట్టూ ఎవరు తిరుగుతారు? హోదా వచ్చిన తరం తమ పూర్వుల కథను ఏమైనా మార్చి చెబుతున్నదా? ఇటువంటివి అడిగితే సిద్ధాంతాలు వినిపించకుండానే చోటుకూ గుర్తింపుకూ ఉన్న ముడి కళ్లకు కడుతుంది.

చోటు దానంతటదే ఒక గుర్తింపుగా మారి, కాగితం మీదికెక్కిన చరిత్ర కూడా మన దగ్గర పుష్కలంగా ఉంది. నిజాం 1919లో ఇచ్చిన ఫర్మానాతో, ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే దక్కాలనే ముల్కీ నిబంధనలు వచ్చాయి. పదిహేనేళ్ల నివాసం ఉంటే ముల్కీ (స్థానికుడు), లేకపోతే గైర్ ముల్కీ. దాని మీద 1952లో, మళ్లీ 1969లో ఉద్యమాలు లేచాయి. 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి, మహబూబ్‌నగర్, నల్లగొండలు హైదరాబాదుతో కలిసి ఉద్యోగ నియామకాల ఆరో జోన్‌లో పడ్డాయి. 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికత వస్తుంది. ఇప్పుడు మీ అంశానికి రండి. తల్లిదండ్రులతోపాటు పుణేలోనో ముంబయిలోనో గుడారాల్లో పెరిగి, అక్కడి బడిలో రెండు మూడేళ్లు, ఊళ్లో అమ్మమ్మ దగ్గర రెండేళ్లు చదివిన పిల్లవాడికి స్థానికత ఎలా రుజువవుతుంది? వలస వల్ల ‘పాలమూరువాడు’ అయిన మనిషి, అదే వలస వల్ల పాలమూరులో స్థానికేతరుడయ్యే అవకాశం ఉంది. ఈ ఒక్క చిక్కు మీద పూర్తి అధ్యాయం రాయవచ్చు, ఇప్పటిదాకా దీన్ని తగినంతగా ఎవరూ పట్టించుకోలేదన్నది నా అభిప్రాయం.

ఇక రేస్ సంగతి. మీ సెమినార్‌లో అభ్యంతరం చెప్పిన ఆచార్యుల మాటకు బలమైన చరిత్ర ఉంది. 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న రిస్లీ ముక్కుల వెడల్పు, పొడవు కొలిపించి, పై కులాలు వేరే రక్తం, కింది కులాలు వేరే రక్తం అని సిద్ధాంతం కట్టాడు. దాన్ని అంబేడ్కర్ రెండుసార్లు గట్టిగా ఖండించారు. పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు చమారుకూ శరీర సంబంధం ఉంది గాని, పంజాబు బ్రాహ్మణుడికీ మద్రాసు బ్రాహ్మణుడికీ లేదన్నది ఆయన 1936లో చెప్పిన వాదం. 1948లో అస్పృశ్యుల మూలాల గురించి రాసినప్పుడు అదే ముక్కు కొలతల లెక్కలను ఆ సిద్ధాంతం మీదికే తిప్పారు. కాబట్టి కులాన్ని శరీర భేదంగా చూపే రాత ఏదైనా మీ గ్రంథంలోకి రాకూడదు. అయితే అదే అంబేడ్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, అక్కడివారు ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన వినతి పత్రం గురించి అడిగారు. 2001లో డర్బన్‌లో రేస్ వివక్షపై జరిగిన ప్రపంచ సదస్సులో కులాన్ని చేర్చాలని దళిత సంఘాలు కోరాయి, భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ ప్రశ్న రక్తం గురించి కాదు. పుట్టుకను బట్టి మనిషికి చోటు కేటాయించే ఏర్పాటు గురించి.

నా ఉద్దేశంలో ‘కులమూ రేసూ ఒకటేనా’ అన్న చర్చకు మీరు ఉపోద్ఘాతంలో నాలుగు పేజీలకు మించి ఇవ్వనక్కరలేదు. రేస్ పరిశోధన నుంచి మనకు అక్కరకు వచ్చే పనిముట్టు వేరొకటి ఉంది: ఒకరి చేత బలవంతంగానో గతిలేకనో చేయించిన పనిని, వారి ఒంటి స్వభావంగా ఎలా చెప్పుకొస్తారో అది చూపిస్తుంది. పత్తి చేలలో బానిసలుగా పనిచేసిన ఆఫ్రికన్ల గురించి, ఆ ఎండ వాళ్లకు అలవాటేనని తోటల యజమానులు చెప్పుకున్నారు. ‘పాలమూరు లేబర్’ గురించి కాంట్రాక్టర్ల నోట మీరు ఎన్నిసార్లు విన్నారు? మట్టి పనికి వాళ్లను మించినవాళ్లు లేరు, రాయిని కూడా పిండి చేస్తారు, ఎండకు జంకరు, గుడిసెలో పడుకుంటారు, సెలవు అడగరు. మెచ్చుకోలుగా వినిపించే ఈ మాటల్లో ప్రతిదాని వెనుకా ఒక కారణం ఉంది. సెలవు అడగకపోవడానికి కారణం మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు. గుడిసెలో పడుకోవడానికి కారణం కాంట్రాక్టరు ఇల్లు చూపకపోవడం. దూరపువాళ్లనే తీసుకోవడానికి కారణం, పని మధ్యలో ఊరికి పోలేరు, స్థానిక కూలీలతో కలిసి రేటు పెంచమని అడగలేరు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి లైసెన్సు, పాసుపుస్తకం, ప్రయాణ భత్యం తప్పనిసరి చేసినా, గుంపు మేస్త్రీ నోటి మాటతో కుదిరే లెక్క పక్కనే నడిచింది.

ఇంకొకటి గమనించండి. ఊళ్లో ఉన్నంతకాలం ఈ గుంపులో ఒకరు మాదిగ, ఒకరు బోయ, ఒకరు వడ్డెర, ఒకరు గొల్ల, ఒకరు లంబాడీ. పని చోట అందరూ ‘పాలమూరోళ్లు’. కులాలన్నీ జిల్లా పేరు కిందికి చేరిపోయినట్టు పైకి కనిపిస్తుంది. నిజంగా చేరాయా అన్నది మీరు తేల్చాలి: గుడారాల వరుస ఎలా ఉంది, నీళ్ల డ్రమ్ము ఎవరిది, వంట కలిసి చేస్తారా, మేస్త్రీ ఏ కులం, రాయి కొట్టేది ఎవరు, తట్ట మోసేది ఎవరు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆలుమగలను కలిపి ఒక జత కూలిగా లెక్కకట్టే చోట ఆమె పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. నల్లజాతీయుల మీద చోటు ఆధారంగా చేసిన తొలి పెద్ద పరిశోధనల్లో ఒకటైన డుబాయిస్ ఫిలడెల్ఫియా అధ్యయనం 1899లో అచ్చయింది. ఆయన ఒక్క వార్డు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ గల్లీలో ఏ స్థితిలో ఉంటున్నారో గుర్తుపెట్టి పటం గీశారు. మీరు ఒక లేబర్ క్యాంపుకు అటువంటి పటం గీయండి. తర్వాత అదే మనుషుల సొంత ఊరికి, వాడకు మరొక పటం గీయండి. రెండు పటాలూ పక్కపక్కన పెట్టినప్పుడు కనిపించేది ఏ సిద్ధాంతమూ ముందుగా చెప్పలేదు.

ఊరూ, దళితులుండే వాడా వేరుగా ఉండడాన్ని చట్టంతో నడిచిన విభజనతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. దక్షిణాఫ్రికాలో 1950లో వచ్చిన రెండు చట్టాల్లో ఒకటి ప్రతి మనిషికీ రేస్ ముద్ర వేసింది, రెండోది ఆ ముద్రను బట్టి ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించింది. రెండూ 1991లో రద్దయ్యాయి. రద్దుచేయడానికి అక్కడ ఒక చట్టం ఉంది. మన పల్లెల్లో వాడను తూర్పునో దక్షిణాననో పెట్టమని రాసిన చట్టం లేదు కనుక, రద్దు చేయడానికీ ఏమీ దొరకదు. అయితే ఇందిరమ్మ ఇళ్ల కాలనీ ఎక్కడ కట్టారో, కొత్త సీసీ రోడ్డు ఎక్కడ ఆగిందో, 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండా విడి పంచాయతీ అయినప్పుడు హద్దు ఎక్కడ గీశారో చూస్తే, పాత గీత మీదనే ప్రభుత్వం మళ్లీ ఎక్కడెక్కడ సున్నం పోసిందో తెలుస్తుంది.

మీ గైడు గారు రేస్ గురించే రాయమని పట్టుబడితే, పాలమూరు గడ్డ మీద దానికి అచ్చమైన ఉదాహరణ ఒకటుంది, విదేశాలకు పోనక్కరలేదు. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర 19వ శతాబ్దంలో ఆఫ్రికన్ సంతతి సిద్దీల దళం ఉండేది. అది తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ అన్న పేటకు ఆ పేరు ఆఫ్రికన్ అశ్విక దళం వల్ల వచ్చింది. సంస్థానంలో రాజుగారి సొంత దళంగా ఉన్నవారు, రాజధానిలో నిజాం అశ్విక దళమయ్యారు. పోలీసు చర్య తర్వాత ఆ సైన్యం రద్దయ్యాక, ఒక బస్తీ జనంగా, మర్ఫా డప్పులు వాయించేవారిగా నగరానికి తెలిశారు. రూపురేఖలు అవే, చోటూ కొలువూ మారినకొద్దీ వారు ఎవరన్న లెక్క మారింది. ఇలాగే హైదరాబాదు బార్కాస్‌లోని అరబ్బులను కలుపుకుంటే, గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలకూ నగరానికీ మధ్య సిపాయి కొలువుల ద్వారా గుర్తింపులు ఎలా కదిలాయన్నది విడి గ్రంథమే అవుతుంది. ఇది మీ అంశం కాదు కనుక ఇక్కడితో ఆపుతాను.

మీరు అచ్చంపేట మనిషి కనుక చెంచుల గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అమ్రాబాద్ గుట్టల మీద చెంచు పెంటల్లో (అడవిలోని చిన్న ఆవాసాల్లో) ఉండి పరిశోధించిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. అందులో చెంచులు అతి ప్రాచీనమైన ఆహార సేకరణ జీవితానికి మిగిలిన ఆనవాలుగా కనిపిస్తారు. అడవే వారి చోటు అన్న ఆ మాట ఒక కాలంలో వారి కోసం రిజర్వు ఏర్పాటుకు ఆధారమైంది. 1983లో అదే అడవి పులుల అభయారణ్యంగా నోటిఫై అయ్యాక, అదే మాట వారిని బయటికి పంపే చర్చలో చిక్కుగా మారింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు అడగాలంటే తాము ఎప్పటి నుంచో అక్కడే ఉన్నామని మళ్లీ రుజువు చేయాలి. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా లేచిన ఆందోళనలో చెంచులు అడవి బిడ్డలుగా రాష్ట్రమంతటికీ కనిపించారు. ఒకే లక్షణం ఒకసారి రక్ష, ఒకసారి అభ్యంతరం, ఒకసారి రుజువు, ఒకసారి నినాదం. మీ కూలీలకు అడ్డా ఎటువంటిదో చెంచులకు అటవీ శాఖ బీట్ ఆఫీసు అటువంటిది. పోలిక కోసమైనా ఒక పెంటకు వెళ్లిరండి.

నల్లగొండ వైపు చోటు మరొక విధంగా ఒంటి మీదికెక్కింది. మర్రిగూడ ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి, పళ్లను, ఎముకలను పాడుచేసింది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి దేశమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఊరి పేరు చెబితే సంబంధాలు వెనక్కిపోయిన మాట అక్కడ ఏ ఇంట్లోనైనా వింటారు. కులం ఏదైనా గారపట్టిన పళ్లు ఒకటే, కాని శుద్ధిచేసిన నీళ్లు కొనగలిగినవారూ లేనివారూ ఒకటి కాదు.

ఇక ఆధారాలు. మీరు ఇంటర్వ్యూల మీదనే పూర్తిగా ఆధారపడినట్టున్నారు, అది చాలదు. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో నిజాం కాలపు రికార్డులు ఉన్నాయి. అధిక భాగం ఉర్దూ, పారశీకం. ఉర్దూ చదవడం ఇప్పుడే మొదలుపెట్టండి, సంవత్సరం లోపు సేత్వార్‌లో (పాత భూమి రికార్డులో) పేర్లూ, సర్వే నంబర్లూ పోల్చుకోగలుగుతారు. పత్రాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. 1954–55 నాటి ఖాస్రా పహాణీని మీ ఊరికి తప్పక తీయండి, ఎవరి భూమి ఎవరి పేరు మీదికి పోయిందో అందులో తెలుస్తుంది. వలస పోయిన కుటుంబాల వరుసను దాని పక్కన పెట్టి చూస్తే, కరువు ఒక్కటే కారణమన్న వాదన నిలబడుతుందో లేదో మీరే చెప్పగలరు. కులాల వారీ లెక్కలకు 1931 జనాభా లెక్కల హైదరాబాదు సంపుటాలు, ఆ తర్వాత 1961 నాటి గ్రామ సర్వే నివేదికలు చూడండి. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నాలుగుగా, 2019లో నారాయణపేటతో ఐదుగా చీలిందనీ, షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ ప్రధానంగా వికారాబాద్‌కు పోయాయనీ గుర్తుంచుకోకపోతే, 2011 లెక్కలను ఈనాటి జిల్లాతో పోల్చి చిక్కుల్లో పడతారు.

కాగితాలకన్నా నాకు ఎక్కువ ఇష్టమైన ఆధారం కుల పురాణాలు. మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు ఇంకా తిరుగుతున్నారు. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు, మీకంటే పైన ఎవరూ ఎందుకు కారు అన్నదాన్ని వీరు రాత్రంతా పటం మీద చూపిస్తూ పాడుతారు. గుర్తింపు అన్న ఆలోచన మనకు విశ్వవిద్యాలయాలు తెచ్చిపెట్టినది కాదని ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పైగా ఈ ఆశ్రిత కులాల వారికి ఊళ్లు పంచి ఉంటాయి. ఫలానా ఊరి మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఫలానా ఇంటివారిది, మరొకరు అక్కడ కథ చెప్పకూడదు. అంటే ఒక కులం తన కథ వినే హక్కు కూడా హద్దుల్లో నడుస్తుంది. మరి ఊరికి ఊరే ముంబయికో పుణేకో పోతే కథకుడు ఏమవుతాడు? ఆయన కూడా గుంపులో కూలీగా కలిశాడా, పండక్కి అందరూ తిరిగి వచ్చే దాకా ఆగుతున్నాడా? మీ ఊరి వైపు ఇది అడిగి చూడండి. కార్తీకంలో కురుమూర్తి జాతరకు తప్పక వెళ్లండి. వడ్డెమాన్‌లో దళితులు తయారుచేసిన స్వామివారి ఉద్దాలు (పాదరక్షలు) ఊరేగింపుగా గుట్టకు వస్తాయి, ఏ కులం వారైనా వాటిని నెత్తిన తాకించుకుంటారు. ఉద్దాలు కుట్టిన చేతులకు ఆ వారం దక్కే మర్యాద, జాతర ముగిసిన తర్వాత ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో అక్కడ నిలబడి చూడండి.

సొంత ఊరివాళ్లను ఎలా అడగాలన్న మూడో సందేహానికి నా సమాధానం చిన్నది: మీరు అడగకముందే వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. కొత్త ఊరికి వెళితే ‘మీరేమిటోళ్లు బిడ్డా, ఎవలింటి పిల్లలు’ అన్నది మంచినీళ్లు ఇవ్వకముందే వస్తుంది. ఆ ప్రశ్న ఎవరు వేశారు, మీరు చెప్పిన తర్వాత గ్లాసు మారిందా, కూర్చోబెట్టిన చోటు మారిందా, మాట మర్యాద మారిందా అన్నవన్నీ ఆ రాత్రే డైరీలో రాసుకోండి. సొంత ఊళ్లో చిక్కు వేరు. మీరు ఫలానావారి బిడ్డ అని అందరికీ తెలుసు కనుక, మీ వాడవాళ్లు ‘నీకు తెలవనిదేముంది’ అని చెప్పవలసింది మింగేస్తారు, మిగిలినవాళ్లు మీ ముఖం చూసి మెత్తగా మాట్లాడుతారు. అందువల్ల సొంత ఊరితోపాటు మీ బంధుత్వాలు లేని మరొక ఊరిని, వీలైతే మక్తల్ వైపు సరిహద్దు గ్రామాన్ని ఎంచుకోండి. కులం గురించి నేరుగా అడగడం కన్నా, మొదట ఏ ఏడు పోయారు, ఎవరి గుంపులో, అడ్వాన్సు ఎంత, ఎవరు పూచీ పడ్డారు అని పని గురించి అడగండి. పూచీ దగ్గరికి వచ్చేసరికి కులం, చుట్టరికం, భూమి మూడూ బయటపడతాయి. మీ నాన్నగారిని మాత్రం ఆఖరున అడగండి. అప్పటికి మీ ప్రశ్నలు పదునెక్కి ఉంటాయి, ఆయన కూడా మీ పనేమిటో కొంత చూసి ఉంటారు.

నైతిక నియమాల విషయంలో విశ్వవిద్యాలయం వారి ఫారం నింపితే పని అయిపోదు. పేర్లు మార్చామని రాసుకుంటాం గాని, మూడు వందల గడపల ఊళ్లో ‘బోయ కులానికి చెందిన మాజీ మేస్త్రీ’ అంటే అందరికీ తెలిసిన ఒక్క మనిషే ఉంటాడు. కాబట్టి ఊరి పేరు కూడా దాచాలి, అవసరమైతే ఇద్దరి వివరాలు విడగొట్టి వేరుచోట్ల రాయాలి. అడ్వాన్సు బాకీలు, పట్టా తగాదాలు, కులం పేరుతో దూషించిన కేసులు రికార్డు చేసినప్పుడు ఆ ఆడియో ఎవరి ఫోన్‌లో ఉంటుందో ముందే నిర్ణయించుకోండి. జోగినీ వ్యవస్థ మీద కూడా ఒక అధ్యాయం చేర్చాలనుకుంటున్నట్టు రాశారు. వద్దని నా సలహా. 1988లో నిషేధ చట్టం వచ్చిన నాటి నుంచి నారాయణపేట, మక్తల్ వైపు ఆ మహిళలను ప్రశ్నించి వెళ్లినవారికి లెక్క లేదు. మీ అంశానికి నేరుగా అవసరం లేకుండా మరొకసారి వారి గతాన్ని తవ్వడం న్యాయం కాదు.

సిద్ధాంత ప్రతిపాదనను తిరిగి రాసేటప్పుడు రెండు ఊళ్లు, ఒక లేబర్ క్యాంపు, ఒక తహసీల్ ఆఫీసు, ఈ నాలుగు చోట్లకే పరిమితం చేయండి. మీ గైడు గారికి రేస్ సిద్ధాంతం ఎక్కడ కనిపించాలో అక్కడ, అంటే పనిని ఒంటి స్వభావంగా మార్చి చెప్పే మాటల విశ్లేషణలో, కనిపిస్తుంది. అభ్యంతరం చెప్పిన ఆచార్యులకు రిస్లీ మీద మీ వైఖరి ఉపోద్ఘాతంలోనే దొరుకుతుంది. క్షేత్ర పనికి దసరా నుంచి సంక్రాంతి దాకా క్యాంపు దగ్గరా, ఉగాది చుట్టూ ఊళ్లోనూ ఉండేలా చూసుకోండి, ఎందుకంటే వర్షాల ముందు ఊరికి వచ్చేవారు వచ్చేదీ, మేస్త్రీలు వచ్చే ఏటి అడ్వాన్సు గురించి మాట కదిపేదీ ఆ రోజుల్లోనే. తహసీల్ ఆఫీసుకు మాత్రం జూన్‌లో వెళ్లండి. బడులూ కాలేజీలూ తెరుచుకునే ఆ నెలలో సర్టిఫికెట్ల కోసం నిలబడిన వరుసలోనే మీకు కావలసిన వాళ్లు చాలామంది కలుస్తారు.